దారిలో మాయమైన వోల్టులు

పాత మోటారుసైకిలులో ఛార్జింగు చెడినపుడు మొట్టమొదట శిక్షకు గురియగునది బ్యాటరీ. హారన్ గొంతు బొంగురుపోయినను, ఇండికేటరు వెలిగి ఆరుటకు బదులు సోలిపోయినను, సెల్ఫ్ బటన్ నొక్కగా ‘టిక్కు’మను చప్పుడు తప్ప మరేమియు వినరాకున్నను, యజమాని విచారణ లేకయే పాత బ్యాటరీని తూకమునకిచ్చి క్రొత్తదానిని కొని తెచ్చును, అది నెల తిరుగక ముందే పాతదాని దారి పట్టును. కంచరపాలెములోనో గాజువాకలోనో మెకానిక్కు తలయెత్తి "ఏటి బాబూ, కొత్త బేటరీ కూడా దిగిపోనాదా?" అని యడుగునపుడు, ఆ ప్రశ్నలోనే రోగనిర్ణయము సగము కలదు. బ్యాటరీ విద్యుత్తును పుట్టించునది కాదు, దాచునది మాత్రమే. దాచవలసినది దానివద్దకు చేరనపుడు దానిని మార్చినందువలన ప్రయోజనమేమి? విశాఖపట్టణము వంటి సముద్రతీర నగరమున విద్యుత్తు చేరకపోవుటకు కారణము పెక్కుసారులు యంత్రభాగములలో ఉండదు. వానిని కలుపు కీళ్ళలో ఉండును. ఆ కీలు ఎక్కడ చెడినదో కనుగొనుట ఎట్లో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే, తీగచుట్టయందలి అయస్కాంతక్షేత్రము మారునపుడెల్ల ఆ తీగలో విద్యుత్తు ప్రేరితమగునని కనుగొనెను. బండి ఇంజను ప్రక్కనున్న గుండ్రని మూతక్రింద నేటికిని జరుగుచున్నది ఆ ప్రయోగమే. క్రాంకుతో కూడ తిరుగు ఫ్లైవీలు లోపలి అంచున శాశ్వతాయస్కాంతములు అమర్పబడి యుండును. వాని నడుమ, పలుచని ఇనుపరేకుల దొంతిపై ఎనామిలు పూత గల రాగితీగను చుట్టి చేసిన స్టేటరు కదలక నిలిచియుండును. మెకానిక్కుల భాషలో మొదటిది ‘మేగ్నెట్’, రెండవది ‘కాయిల్ ప్లేటు’. ఉత్తరధ్రువము వెంట దక్షిణధ్రువము, దాని వెంట మరల ఉత్తరధ్రువము కాయిలును దాటిపోవుచుండగా తీగలో పుట్టు ప్రవాహము కూడ క్షణక్షణమును దిశ మార్చుకొనుచుండును. ఇట్టి ఏకాంతర ప్రవాహము బల్బును వెలిగింపగలదు గాని బ్యాటరీని నింపజాలదు. 1859లో గాస్టన్ ప్లాంటే నిర్మించిన సీసపు బ్యాటరీకిని, దాని వంశమున పుట్టిన నేటి బ్యాటరీకిని ఒకే దిశలో పోవు ఏకముఖ ప్రవాహము కావలయును. డయోడులతో కూడిన రెక్టిఫైయరు ప్రవాహమును ఆ విధముగా దిద్దిపంపును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. కారు ఆల్టర్నేటరులోని అయస్కాంతము విద్యుదయస్కాంతము. వలదన్నపుడు దాని బలమును తగ్గింపవచ్చును. మోటారుసైకిలులోనిది శాశ్వతాయస్కాంతము గనుక ఇంజను వేగము హెచ్చినకొలది వోల్టేజి హెచ్చుచునే పోవును. అందుచేత ఇక్కడి రెగ్యులేటరు విద్యుత్తు పుట్టుకను ఆపదు. చెరువు నిండిన పిదప వచ్చు నీటిని కలుజు మీదుగా వదలినట్లు, వోల్టేజి సుమారు 14.5 దాటబోవునపుడు స్టేటరు తీగలను తనలోనే ఒకదానితో నొకటి కలిపివేసి, మిగులు ప్రవాహమును కాయిలులోనికే మళ్ళించును. రెక్టిఫైయరును రెగ్యులేటరును ఒకే అల్యూమినియము పెట్టెలో కూర్చినదే మన మెకానిక్కులు చెప్పు ‘ఆర్‌ఆర్ యూనిట్’. దానికి రెక్కలవంటి అంచులు ఉండుటకును, నడచుచున్న బండిలో అది చేయి పెట్టలేనంతగా కాలుచుండుటకును కారణమిదియే. ఎల్‌ఈడీ బల్బులు తగిలించి కాయిలుకు భారము తగ్గించితిమని సంతోషించువారు నగరమున పెక్కుమంది కలరు. ఇట్టి రెగ్యులేటరు గల బండిలో దీపములు వాడుకొనని విద్యుత్తు తిరిగి కాయిలునే వేడెక్కించును గాన, ఆ సంతోషమునకు ఆధారము లేదు. అయితే బ్యాటరీకి మిగులు పెరుగునన్న మాట నిజమే.

పాత బండ్లన్నియు ఒకే తీరువి కావు. 1955లో మద్రాసున స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్‌లకు హెడ్‌లైటు డూముపై చిన్న ఆమీటరు ఉండెడిది. రాత్రివేళ దీపము వెలిగించి నిలిచియున్నపుడు ముల్లు ఎడమకు వాలుటయు, బండి సాగగానే నడుమకు వచ్చి కుడివైపునకు తొంగిచూచుటయు ఆరోగ్యలక్షణములు. అంత సులభముగా సత్యము చెప్పు పరికరమును తరువాతి బండ్లనుండి తొలగించుట నా దృష్టిలో అన్యాయమే. మైసూరులో 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్లలో పాతవానికి 6 వోల్టుల డైనమో ఉండును. వానిలో అనుమానింపవలసినవి అరిగిన కార్బను బ్రష్షులు, మసిబారిన కమ్యుటేటరు, కటౌటు పాయింట్లు. ఇంజను వేగమందుకొన్న పిదపను మీటరు ప్రక్కన ఎఱ్ఱదీపము ఆరకున్నచో డైనమో పనిచేయుటలేదని అర్థము. 1980ల నుండి వచ్చిన 100 సీసీ బండ్ల తీరు వేరు. సీడీ 100, ఆర్‌ఎక్స్ 100, 1994 తరువాతి స్ప్లెండరు వంటి వానిలో పెక్కింట స్పార్కునకు కావలసిన విద్యుత్తు ప్రత్యేకమైన చిన్న కాయిలునుండి వచ్చును గాన, బ్యాటరీ పూర్తిగా చచ్చినను కిక్కు కొట్టగానే ఇంజను మేల్కొనును. ఇది వరమువలె కనిపించు శాపము. బండి నడచుచున్నది గదా యని యజమాని నెలల తరబడి ఉపేక్షించును, బ్యాటరీ అను ఆనకట్ట లేని సర్క్యూటులో వోల్టేజి ఎగసిపడి బల్బులు ఒకదాని వెంట నొకటి మాడిపోవుచుండును.

ఇక పరీక్షకు వత్తము. కొన్ని వందల రూపాయలకు దొరకు డిజిటల్ మల్టీమీటరు ఒక్కటి చాలును. రాత్రియంతయు నిలిపియుంచిన బండికి తాళముచెవి త్రిప్పకముందే బ్యాటరీ కొనలవద్ద వోల్టేజి చూడవలయును. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు అరలుండును, నిండియున్న అర ఒక్కొక్కటి 2.1 వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును, కావున 12.7 కనిపించినచో నిండుకుండ, 12.2 అయినచో సగము, 12.0 అయినచో పావువంతు. 10.5 ప్రాంతమున అంకె నిలిచినచో ఒక అర లోలోపల షార్టయి మరణించినదన్నమాట; అట్టి సందర్భమున మాత్రము బ్యాటరీయే దోషి, దానిని మార్చుటకు సంకోచింప నవసరము లేదు. విశ్రాంతిలో 12.6 చూపి, సెల్ఫ్ నొక్కగానే 9 వోల్టులకు జారిపోవు బ్యాటరీ కూడ దోషియే. విద్యుత్తు వాడబడునపుడు అందలి సీసపు పలకలు రెండును సీసపు సల్ఫేటుగా మారును. వెంటనే నింపినచో ఆ సల్ఫేటు తిరిగి కరగును, వారముల తరబడి ఖాళీగా వదలినచో ముతక స్ఫటికములుగా గట్టిపడి మరల కరుగదు. ఛార్జింగు చేరని బండిలో మంచి బ్యాటరీ చెడిపోవు క్రమమిది. అనగా బ్యాటరీ మరణము తరచుగా వ్యాధి కాదు, వ్యాధిఫలము.

తరువాత ఇంజనును నడిపి, నిమిషమునకు మూడు నాలుగు వేల చుట్ల వేగమున ఉంచి, అవే కొనలవద్ద మరల చూడవలయును. 13.8 మొదలు 14.5 వరకు ఎక్కడ నిలిచినను ఆ బండికి ఛార్జింగు జబ్బు లేదు. 15 దాటినచో అతిగా నిండుచున్నది. 13కు లోపలనే యున్నచో అన్వేషణ ఆరంభింపవలయును.

మల్కాపురము ప్రాంతపు పోర్టు ఉద్యోగి యొకని పాత బండికి ఇట్టి పరీక్ష జరుగగా చూచితిని. మూడు పసుపుతీగల ఆల్టర్నేటరు గల బండి అది. రెండు బ్యాటరీలు మారినవి. మూడవది కూడ నీరసించినది. ఇంజను నడచుచుండగా బ్యాటరీ కొనలవద్ద 12.9 వోల్టులు. కాయిలు కాలినదని ఒకరును, ఆర్‌ఆర్ యూనిట్ పోయినదని మరియొకరును తీర్పు చెప్పియుండిరి. వయసుమళ్ళిన మెకానిక్కు ఏదియు విప్పక, సీటు తీసి, ఆర్‌ఆర్ యూనిట్ నుండి వెలువడు ఎఱ్ఱతీగ మొదట మీటరు ముల్లు గ్రుచ్చి చూచెను: 14.3. పుట్టినచోట 14.3, చేరవలసినచోట 12.9. నడుమనున్న రెండు మూరల తీగలో 1.4 వోల్టులు ఎక్కడికి పోయినవి?

ఈ ప్రశ్నకు సమాధానము కొంత ఈ ఊరి భూగోళమునందు కలదు. విశాఖ ఓడరేవు లోపలి భాగము ఉప్పుటేరు అను ఆటుపోట్ల చిత్తడినేలను త్రవ్వి నిర్మించినది. 1933లో జలదుర్గ అను ఓడ మొదట ఇందు ప్రవేశించెను. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము కూడ దేశమున సముద్రతీరమున వెలసిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారమే. ఈ రెంటి నడుమ సింధియా, గాజువాక, కూర్మన్నపాలెముల మీదుగా ఏ షిఫ్టు వేళ చూచినను వేలాది బండ్లు సాగుచుండును. వానిలో చాలవరకు రాత్రులు ఆరుబయట నిలుచునవే యన్నను పెద్ద అతిశయోక్తి కాదు. కెరటములు విరుగునపుడు ఎగయు సూక్ష్మబిందువులలోని ఉప్పు గాలిలో కలసి వచ్చి తీగలపై వాలును. గాలిలో తేమ సుమారు 75 శాతము దాటినంతనే ఉప్పు తనంతట తాను నీరు పీల్చుకొని ద్రావణముగా మారును. వేకువవేళల ఇక్కడి తేమ ఆ హద్దు దాటుట సామాన్యము. ఓడరేవు ప్రాంతపు బొగ్గుపొడి, ఖనిజపు ధూళి ఆ తడిని పట్టియుంచును. రాగితీగ, ఇత్తడి టెర్మినలు, ఇనుప బోల్టు, అల్యూమినియము ఇంజను ఇట్లు భిన్నలోహములు ఉప్పునీటి పొరలో ఒకదాని నొకటి తాకియున్నచోట ప్రకృతి తానే యొక చిన్న బ్యాటరీని నిర్మించి, బలహీనమైన లోహమును తినివేయుట ఆరంభించును. వాననీటికి తడిసిన బండి ఎండకు ఆరిపోవును. ఉప్పుగాలికి తడిసినది ప్రతి తెల్లవారుజామున మరల తడియును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరముపై విరుచుకుపడినపుడు ఆ ఉప్పు గాలిగా గాక వర్షముగా కురిసెను.

మెకానిక్కు మీటరును ఏకముఖ వోల్టేజి పైననే ఉంచి, ఒక ముల్లును ఆర్‌ఆర్ యూనిట్ ఎఱ్ఱతీగ మొదటను, రెండవదానిని బ్యాటరీ పాజిటివ్ కొనయందును ఆనించెను. ఇంజను నడచుచున్నది, హెడ్‌లైటు వెలుగుచున్నది. మంచి తీగ రెండు కొనల నడుమ ఈ తేడా 0.2 వోల్టు దాటరాదు, మీటరు 1.2 చూపెను. నెగెటివ్ వైపు అట్లే చూడగా తక్కిన 0.2 కనిపించెను. ముల్లును తీగ వెంబడి జరుపుచు రాగా, సీటుక్రిందనున్న కప్లరుకు ఇవతల ఒక అంకె, అవతల ఒక అంకె! కప్లరును వ్రేలితో కదపగా మీటరుపై అంకెలు గంతులు వేసెను.

ఊడదీసి చూచితిమి. ఒకప్పుడు తెల్లనిదైన నైలాను కప్లరు ఎఱ్ఱతీగ వైపున చిక్కని టీ రంగునకు మారి, ఒక మూల కరిగి క్రిందికి జారియున్నది. లోపలి ఇత్తడి నాలుకపై మెరుపు లేదు. అంచుల వెంబడి పచ్చని చిలుము, నడుమ ఊదారంగు మచ్చ. తీగపైనున్న తొడుగును అంగుళము చీల్చగా రాగి పోగులు ఎఱ్ఱగా గాక బొగ్గువలె నల్లగా ఉండెను. ఉప్పుతడి తొడుగుక్రింద పోగుల సందులలో పాకి పోయినదనుటకు అది గుర్తు. అట్టి తీగకు టంకము అంటదు. తీగను కోయుచు, కోయుచు పోగా, మూడంగుళముల తరువాత గాని మెరయు రాగి కనబడలేదు.

ఇక్కడి గణితము చిన్నదే కాని మనోహరమైనది. ఆ సమయమున ఆ తీగలో పోవుచున్నది సుమారు 5 ఆంపియర్లనుకొందము. ఓము సూత్రము ప్రకారము 1.2 వోల్టులను మ్రింగిన కీలు నిరోధము 0.24 ఓము మాత్రమే. ఇంత స్వల్పనిరోధమును ఇంజను ఆపి మీటరు ఓము స్థానమున కొలువబోయినచో దొరకదు. మీటరు తీగలకే దాదాపు అంత నిరోధముండును, మీటరు పంపు ప్రవాహమో అత్యల్పము. కావుననే ఆపిన బండిలో ‘కంటిన్యూటీ’ బజరు మోగినంతనే తీగ మంచిదని తీర్పు చెప్పుట ప్రమాదకరము. భారము మోయుచున్నపుడే కీలు తన గుట్టు బయటపెట్టును. 1.2 వోల్టులను 5 ఆంపియర్లతో గుణింపగా 6 వాట్లు. గోటియంత యిత్తడి ముక్కలో 6 వాట్ల వేడి పుట్టుచున్నది. వేడికి ఉపరితలము మరింత ఆక్సీకరణము చెందును, నిరోధము పెరుగును, పెరిగిన నిరోధము మరింత వేడిని పుట్టించును. కప్లరు కరుగుట ఇందువలననే.

దీనికంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. రెగ్యులేటరు బ్యాటరీని చూడదు, తన ముంగిటనున్న వోల్టేజిని మాత్రమే చూచును. అచట 14.3 ఉండుటచేత బ్యాటరీ నిండినదని భావించి మిగులును కాయిలులోనికి మళ్ళించుచున్నది. బ్యాటరీ చూడబోయినచో ఆకలితో ఉన్నది. అనగా కాయిలును, ఆర్‌ఆర్ యూనిట్‌ను, బ్యాటరీయు మూడును సక్రమముగా పనిచేయుచునే మొత్తము వ్యవస్థ విఫలమైనది. కొన్ని బండ్లలో ఇది తలక్రిందులుగా జరుగును: రెగ్యులేటరు వోల్టేజిని తెలిసికొనుటకు ఇగ్నిషను స్విచ్చి మీదుగా వచ్చు ప్రత్యేకమైన సన్నతీగ యుండును. ఆ స్విచ్చిలో చిలుము పట్టి ఒక వోల్టు లోపించినచో, రెగ్యులేటరు అదే తక్కువని భ్రమించి బ్యాటరీకి 15 వోల్టులకు పైగా పంపును. అందలి నీరు మరిగి, క్రుళ్ళిన గ్రుడ్ల వాసన వచ్చును, హైడ్రోజను వెలువడును. అట్టి బ్యాటరీ దగ్గర బీడీ వెలిగింపరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మరమ్మతుకు అయిన వ్యయము చెప్పుకొనదగినంత లేదు. చెడిన తీగ కోసివేసి, తగిన మందముగల క్రొత్తతీగను టంకముతో అతికి, పైన వేడికి ముడుచుకొను స్లీవు తొడిగిరి; కప్లరును మార్చిరి; ఫ్రేముకు ఎర్తు తీగ బిగించు బోల్టుక్రింద రంగును తుప్పును గరుకు కాగితముతో గీకి లోహము మెరయునట్లు చేసి బిగించిరి. బిగించిన పిదప పైన వాజలైను పూసిరి. ముందు పూసినచో ప్రయోజనము తక్కువ, ఏలనన లోహము లోహమును తాకవలయును, ఉప్పుతడి మాత్రము లోనికి పోరాదు. ఇంజను నడిపి చూడగా బ్యాటరీ కొనలవద్ద 14.1 కనిపించెను.

కీళ్ళన్నియు మంచివైనపుడు గాని కాయిలును శంకింపరాదు. ఆర్‌ఆర్ యూనిట్ కప్లరు ఊడదీసి, మీటరును ఏకాంతర వోల్టేజికి మార్చి, మూడు పసుపుతీగలను రెండేసి చొప్పున మూడు జతలుగా పరీక్షింపవలయును. వేగముతో కూడ అంకె పెరుగుచు, అధికవేగమున 50 వోల్టులు దాటుట అరుదు కాదు, కనుక తడిచేతులతో తాకుట క్షేమము కాదు. అంకె యెంత యన్నది బండిని బట్టి మారును. మూడు జతలును సమానముగా నుండుట ముఖ్యము. ఒకటి వెనుకబడినచో ఆ చుట్టు కాలినది. ఇంజను ఆపి, ఏ పసుపుతీగకైనను ఇంజను లోహమునకును నడుమ సంబంధము చూపినచో ఎనామిలు పొర చిట్లి తీగ ఇనుమును తాకుచున్నది. రెండు సందర్భములలోను కాయిలును తిరిగి చుట్టింపవచ్చును. నగరములోని మోటారు వైండింగు దుకాణములవారు ఈ పనియందు నేర్పరులు. చుట్ల సంఖ్యను, తీగ మందమును పాతదానిని విప్పుచు లెక్కించి అదే పెట్టుమనవలయును. ‘ఎక్కువ చుట్లు వేసితిని సార్, బాగా ఛార్జి ఎక్కును’ అనువారిని నమ్మరాదు. సన్నతీగతో ఎక్కువ చుట్లు వేసినచో వోల్టేజి పెరుగును గాని ప్రవాహము తగ్గును, కాయిలు మరింత వేడెక్కును.

కాయిలు మంచిదై, తీగలు మంచివై, ఆర్‌ఆర్ యూనిట్ మొదటనే వోల్టేజి లేనపుడు మిగిలినది అదియే. డయోడు పరీక్షలో ఒక దిశలో అర వోల్టు ప్రాంతమున అంకెయు, రెండవ దిశలో ఏమియు లేకుండుటయు మంచికి గుర్తు. చల్లగా నున్నపుడు పరీక్షలో నెగ్గి, కూర్మన్నపాలెము గేటు చేరునప్పటికి వేడెక్కి చేతులెత్తివేయు యూనిట్లు కూడ కలవు. వానిని వేడిమీదనే పరీక్షింపవలయును.

ఇంకొక దొంగ కలదు, బండి ఆపి తాళముచెవి తీసిన పిదప పనిచేయునది. చెడిన డయోడు గుండ గాని, తరువాత తగిలించిన అలారము గుండ గాని 5 మిల్లీ ఆంపియర్లు కారినను 2.5 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ 500 గంటలలో, అనగా మూడు వారములలోపల ఖాళీ యగును. ఓడలపై కొలువు చేయుచు అయిదారు నెలలు ఇల్లు విడుచువారు ఈ నగరమున పెక్కుమంది గలరు. తిరిగి వచ్చునప్పటికి వారి బండ్లు సాధారణముగా చచ్చియుండును. బయలుదేరునాడు ముందుగా నెగెటివ్ తీగను, పిదప పాజిటివ్ తీగను విప్పి బ్యాటరీని ఇంటిలో చల్లనిచోట ఉంచి, నెలకొకసారి సామర్థ్యములో పదియవ వంతు ప్రవాహముతో, పై బ్యాటరీకైనచో పావు ఆంపియరుతో, ఇంటివారిచేత ఛార్జి పెట్టింపవలయును. తిరిగి వచ్చిననాడు మీటరు 12.4కు తక్కువ చూపినచో, ఇంజను నడిపి దానిని నింపుకొందమను తొందర కూడదు. పాత బండి స్టేటరు దీపములకు పోగా మిగిలినదానితో బ్యాటరీ తరుగును భర్తీ చేయుటకు తగినదే గాని, ఖాళీ బ్యాటరీని అడుగునుండి నింపుటకు తగినది కాదు. ఒక రాత్రి ఛార్జరుపై నుంచి, మరునాడు తగిలించుట మేలు.